సెల్ఫ్ డిఫీటింగ్, సెల్ఫ్ డిస్ట్రక్టివ్ రెండూ ఒకటేనా?

కోట జంక్షన్:
విజయనగరంలో రూమ్ తీసుకుని బ్యాంక్ పరీక్షలకి చదువుతున్నాను. ఇంగ్లీష్ పేపర్లలో సెల్ఫ్ డిఫీటింగ్ అనే మాట తరచూ తగులుతోంది. ఏది సాధిద్దామని పని మొదలెడతామో, ఆ పనే దాన్ని దక్కనివ్వకపోవడం అని నాకు అర్థమైంది. మా రూమ్మేట్ మాత్రం తాగుడు, సిగరెట్లు, ఆఖరికి అర్ధరాత్రి దాకా రీల్స్ చూడటం, అన్నిటికీ ఇదే వాడేస్తున్నాడు. అడిగితే "మనకి మనం చేటు చేసుకోవడమే కదా, ఏటి తేడా" అంటాడు. నిజంగా తేడా లేదా? కౌంటర్‌ప్రొడక్టివ్ అని ఇంకోటి ఉంది, అదెక్కడ వాడాలి?

అరసవల్లి మాస్టారు:
తేడా ఉంది బాబూ. సెల్ఫ్ డిఫీటింగ్ అనాలంటే ముందు ఒక ఉద్దేశం ఉండాలి. తాగుడు ఒళ్లు పాడుచేస్తుంది, అది సెల్ఫ్ డిస్ట్రక్టివ్. అప్పుల బాధ మర్చిపోదామని మళ్లీ అప్పు చేసి తాగితే అప్పుడు సెల్ఫ్ డిఫీటింగ్. మన తీరంలోనే చూడు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపేది చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో దొంగచాటుగా వేటకెళ్లినా, సన్నకన్ను వలలతో పిల్లచేపల్ని ఊడ్చేసినా నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయనే కదా చేసేది, తీరా ఆ తర్వాత వలలో పడేదే తగ్గిపోతుంది. వాదనలకీ ఈ మాట వాడతారు. "ఏ మాటా నిజం కాదు" అన్నవాడిని మరి నీ మాటో అని అడుగు, ఇంకేం చెప్తాడు?

పలాస గుంటడు:
కౌంటర్‌ప్రొడక్టివ్‌కి హనోయ్ ఎలుకలు గుర్తుపెట్టుకో బ్రో. 1902లో వియత్నాంలోని ఆ ఊళ్లో ఫ్రెంచ్ ప్రభుత్వం ఎలుక తోక తెచ్చిస్తే డబ్బులిస్తామంది. జనం తోక కోసుకుని ఎలుకని వదిలేశారు, అది బతికుంటేనే కదా పిల్లల్ని పెట్టేది, కొందరైతే ఏకంగా పెంచడమే మొదలెట్టారు 😂 అనుకున్నదానికి సరిగ్గా ఎదురు తిరిగితే ఈ మాట. దీన్ని సెల్ఫ్ డిఫీటింగ్ అన్నా ఎవరూ తప్పు పట్టరు, చాలా చోట్ల రెండూ కలిసిపోతాయి.

కోట జంక్షన్:
మరి రీల్స్ సంగతి మాస్టారూ?

అరసవల్లి మాస్టారు:
చదివి అలిసిపోయి, కాస్త తేలికపడదామని చూసి, నిద్ర చెడి మర్నాడు ఇంకా అలిసిపోతే సెల్ఫ్ డిఫీటింగే. ఊరికే చూస్తే టైమ్ వేస్ట్, దానికి పెద్ద మాటలెందుకు.

బొబ్బిలి వీణ:
సెల్ఫ్ డిఫీటింగ్ ప్రాఫెసీ అని కూడా ఉందండి. 1948లో రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్ట్ సెల్ఫ్ ఫుల్‌ఫిల్లింగ్ ప్రాఫెసీ (జనం నమ్మడం వల్లే నిజమైపోయే జోస్యం) గురించి రాశాడు, దాన్ని తిరగేస్తే ఇది. సిరిమానోత్సవం రోజు ఫలానా రోడ్డు జామ్ అయిపోతుందని వాట్సాప్‌లో అందరికీ మెసేజ్ వెళ్లిందనుకోండి, అందరూ వేరే దారి పడతారు, ఆ రోడ్డు ఖాళీగా ఉంటుంది. ముందే చెప్పడం వల్లే ఆ జోస్యం తప్పింది. ఇందులో ఎవరికీ ఏ చేటూ జరగలేదు చూడండి, మీ రూమ్మేట్‌కి ఇది చెప్పండి.