పాస్ట్ టెన్స్ క్రియకు ముందు యాడ్‌వెర్బ్ ఎప్పుడు పెట్టాలి?

ఇంగ్లీష్ గ్రామర్ మీద పట్టున్నవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి.

‘షి ఆల్వేస్ కేమ్ లేట్’లో ఆల్వేస్ క్రియకు ముందు వస్తుంది. ‘షి వాజ్ ఆల్వేస్ లేట్’లో మాత్రం వాజ్ తర్వాతకు పోతుంది. హ్యాడ్ లాంటి సహాయక క్రియ ఉంటే దానికీ అసలు క్రియకూ మధ్యలో: ‘హి హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్’. ఇంతవరకు ఇబ్బంది లేదు.

టెన్షన్ అంతా ‘లీ’తో ముగిసే పదాలతోనే. ‘హి క్విక్‌లీ క్లోజ్డ్ ద డోర్’ అన్నా, క్విక్‌లీని చివర పెట్టినా అర్థం దాదాపు ఒకటే. కానీ ‘హి ఫూలిష్‌లీ ఆన్సర్డ్ ద క్వశ్చన్’ అంటే అసలు జవాబివ్వడమే తెలివితక్కువ పని. అదే ఫూలిష్‌లీ చివరికి వెళితే, ఇచ్చిన జవాబు తెలివితక్కువగా ఉందని అర్థం. చోటు మారితే మాట మొత్తం మారిపోతోంది! క్లియర్‌లీతోనూ ఇదే గొడవ.

ఇలా అర్థం మారే యాడ్‌వెర్బ్‌లను ముందే గుర్తుపట్టడం ఎలా? పైగా ‘షి డాన్స్‌డ్ వెల్’లో వెల్ క్రియకు ముందుకు ఎందుకు రాదు? జాబితా బట్టీ పట్టమనకండి, అది నా వల్ల కాదు. రాసేటప్పుడు వేసుకోదగ్గ చిన్న పరీక్ష ఏదైనా ఉంటే ఒకట్రెండు ఉదాహరణలతో చెప్పండి.