సౌర ఉష్ణ విద్యుత్‌పై పెట్టిన డబ్బు వృథాయేనా?

ప్రశ్న: 2010లో కేంద్ర ప్రభుత్వ జాతీయ సౌర మిషన్ తొలి విడతలో సౌర ఉష్ణ విద్యుత్‌కు యూనిట్ ధర రూ.10.49 నుంచి రూ.12.24 దాకా పలికింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో సోలార్ ప్యానెళ్ల కరెంటుకు రూ.2.44 చాలని కంపెనీలే ముందుకొచ్చాయి. అలాంటప్పుడు అద్దాలతో ఎండను కూడగట్టి, ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పే ఈ పద్ధతిని ఇంకా వెనకేసుకురావడం ఎందుకు?

జవాబు 1: మీ లెక్కలు సరైనవే కానీ పోలిక సరైనది కాదండీ. భడ్లా ధర పగటి కరెంటుది. మనకు కొరత వచ్చేది పొద్దుగూకాక. స్పెయిన్‌లోని అండసోల్ ప్లాంటును చూడండి. అక్కడ దాదాపు తాటిచెట్టంత, అంటే 14 మీటర్ల ఎత్తు, 36 మీటర్ల వ్యాసం ఉన్న రెండు తొట్లలో 28,500 టన్నుల, వేడికి కరిగిన నైట్రేట్ ఉప్పు ఉంటుంది. పగలంతా పట్టిన వేడిని అది దాచుకుని, చీకటి పడ్డాక 50 మెగావాట్ల టర్బైన్‌ను ఏడున్నర గంటలు నడపగలదు. కాలిఫోర్నియాలోని ఇవాన్‌పా ప్లాంటుకు సుమారు 220 కోట్ల డాలర్లు పోసి కూడా ఈ నిల్వ పెట్టలేదు. నా దృష్టిలో అసలు పొరపాటు అదే.

జవాబు 2: నిల్వ ఉన్నంత మాత్రాన గట్టెక్కుతుందా? నెవాడాలోని క్రెసెంట్ డ్యూన్స్‌లో పది గంటల నిల్వ ఉంది. 2016లో ఉప్పు తొట్టి కారి నెలల తరబడి ప్లాంటు ఆగిపోయింది. ఆ ఉప్పు 220 డిగ్రీల దరిదాపుల్లోనే గడ్డకడుతుంది కాబట్టి పైపులను రాత్రింబవళ్లు వెచ్చగా ఉంచాలి. ప్యానెల్ ఒకటి పాడైతే మిగతావి పనిచేస్తాయి. ఇక్కడ తొట్టి ఒక్కటి పాడైతే మొత్తం ఆగుతుంది. పైగా అద్దాలకు నేరుగా పడే ఎండే కావాలి. మన దుమ్ము, పొగమంచు ఆ ఎండను చెదరగొడతాయి. మబ్బు పట్టిన రోజున కూడా ప్యానెల్ కొంతైనా ఇస్తుంది.

జవాబు 1: తొట్టి విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఎండ మాటా నిజమే. అందుకే ఏళ్ల తరబడి నేలమీద కొలవకుండా స్థలం ఖరారు చేయకూడదంటాను. అనంతపురం జిల్లా నాగలాపురంలో 50 మెగావాట్ల సౌర ఉష్ణ ప్లాంటు 2014లోనే మొదలైంది. రాయలసీమ ఎండ గురించి ఊహలతో వాదించుకోకుండా, అక్కడ నెలనెలా ఎన్ని యూనిట్లు వచ్చాయో ముందుపెట్టుకుని, రాత్రి ఏడింటికి వాడే యూనిట్‌కు, ప్యానెళ్ల కరెంటును బ్యాటరీలో దాస్తే ఎంత, వేడిని ఉప్పులో దాస్తే ఎంత అని లెక్క కడదాం. బ్యాటరీయే చవకని తేలితే నా వాదన వదులుకుంటాను.