ఊరి నిధి: వడ్డీ మాత్రమే పంచాలా, గడ్డు రోజుల్లో అసలు కూడా తియ్యొచ్చా?

గోవిందరాజ వీధి:

పేటల్లో పనిచేసే చిన్న సంస్థల కోసం తిరుపతిలో ఒక ఊరి నిధి పెట్టాలని ఇక్కడ అనుకుంటూనే ఉన్నాం. సాయంత్రం బడులు నడిపేవాళ్ళు, రుయా, స్విమ్స్ దగ్గర రోగుల తోడువాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళకు మందులు చేర్చేవాళ్ళు, వీళ్ళకు ఊళ్ళో డబ్బు ఊళ్ళోనే అందాలని. ట్రస్టుగా పెడదామన్నదాకా అందరిదీ ఒకటే మాట. లెక్క కోసం 50 లక్షలు పోగయ్యాయనుకుందాం. డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే పంచాలా, అవసరమైతే అసలు కూడా తియ్యొచ్చా అన్నదగ్గరే ఆగిపోయాం.

నా మాట, అసలు ముట్టుకోకూడదు. 2020లో కోవిడ్ వచ్చింది. అప్పుడే ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసి ఉంటే, 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైపోయి, రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు చేతిలో ఏముండేది? కష్టం ఒక్కసారి వచ్చి ఊరుకోదు. పైగా ‘మీరిచ్చింది ఎప్పటికీ ఉంటుంది’ అని చెప్పి డబ్బు తీసుకున్నాక రెండేళ్ళకే అది కరిగిపోతే, ఆ దాత గడప మళ్ళీ ఎక్కలేం.

జీవకోన టీచరమ్మ:

మీ భయం సరైందే అండీ. కానీ వడ్డీ లెక్క ఒకసారి వేసి చూడండి. 50 లక్షలకు 7 శాతం చొప్పున ఏడాదికి మూడున్నర లక్షలు. 12 సంస్థలకు పంచితే తలా 29 వేలు. 40 మంది పిల్లలున్న సాయంత్రం బడికి ఇద్దరు టీచర్లు, ఒక్కొక్కరికి నెలకు 8 వేలు. గది అద్దె 5 వేలు. కరెంటు, సుద్దముక్కలు, నోటు పుస్తకాలు కలిపి ఇంకో వెయ్యి. నెలకు 22 వేలు, ఏడాదికి 2 లక్షల 64 వేలు. అంటే మొత్తం వడ్డీ ఒక బడికి సరిపోయి ఇంకాస్త మిగులుతుంది, అంతే. అన్ని సంస్థలకూ సమంగా పంచితే ఎవరికీ ఒకటిన్నర నెల కూడా గడవదు.

ఇలాంటి బడి ఎలా మూతపడుతుందో చూడాలి. సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు తమ లాభాల్లోంచి సేవా పనులకిచ్చేది, చాలావరకు మార్చితో ముగుస్తుంది. కొత్త మంజూరు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఏప్రిల్, మే అద్దె అడ్వాన్సులో కోత పడుతుంది. జూన్‌లో ప్రైవేటు స్కూళ్ళు తెరుస్తారు, జీతం రాని టీచరు అక్కడ చేరిపోతుంది. జూలైలో ఇంటి ఓనరు గది వేరేవాళ్ళకిస్తాడు. ఆగస్టులో డబ్బొచ్చినా అప్పటికి పిల్లలు చెదిరిపోయి ఉంటారు, మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి కూడగట్టాలి. ఏప్రిల్‌లో 66 వేలు అందివుంటే మూడు నెలలు గట్టెక్కేది. ఆ 66 వేలు ఇయ్యలేని నిధి బ్యాంకులో 50 లక్షలు ఉంచుకుని ఏం లాభం?

ఇంకో దెబ్బ 2020 సెప్టెంబరులో పడింది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) సవరణతో, విదేశీ విరాళం తీసుకున్న పెద్ద సంస్థ అందులోంచి చిన్న సంస్థకు పైసా ఇవ్వడానికి వీల్లేకుండా పోయింది. పరిపాలన ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. పెద్ద చెట్టు నీడలో బతికిన చిన్న సంస్థలు అప్పటినుంచి ఎండలోనే ఉన్నాయి.

తిరుచానూరు ఆడిటర్:

ఇద్దరి వాదనలకూ ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్లతోనే చెప్తున్నా. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం, అందులో నంబర్లు వేరు.

దాత ‘ఇది కార్పస్ కోసం’ అని రాసిచ్చిన డబ్బే కార్పస్, అంటే మూలనిధి. నోటిమాట చెల్లదు. దాన్ని 11(5)లో చెప్పిన మార్గాల్లోనే పెట్టాలి: షెడ్యూల్డు బ్యాంకు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్ల వంటివి. సహకార బ్యాంకు కూడా ఒప్పుదల ఉన్నదే. అయితే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక డిపాజిట్‌దారుకు 5 లక్షల వరకే. 50 లక్షలూ ఒకేచోట పెట్టకండి. కార్పస్‌లోంచి తీసి ఖర్చుపెట్టడం నేరం కాదు. కాకపోతే పన్ను లెక్కలో ఆ ఏడాది సేవకు పెట్టిన ఖర్చు కింద అది రాదు. ఐదేళ్ళలోపు మళ్ళీ కార్పస్‌లో జమ చేస్తే, జమ చేసిన ఏడాది లెక్కకొస్తుంది. కాబట్టి అసలు తియ్యాలంటే తిరిగి నింపే దారి ముందే చూసుకోవాలి.

చాలామంది బోర్లాపడేది ఇక్కడ కాదు, 85 శాతం దగ్గర. ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు కావాలి. వేరే రిజిస్టర్డ్ ట్రస్టుకు ఇస్తే, ఇచ్చినదాంట్లో 85 శాతమే ఖర్చుగా ఒప్పుకుంటారు. వడ్డీ మూడున్నర లక్షలు వస్తే 2,97,500 చూపాలి. మీరు సరిగ్గా 2,97,500 పంచితే లెక్కకొచ్చేది 2,52,875. అంటే 44,625 తక్కువ పడుతుంది. మూడున్నర లక్షలూ పంచితేనే సరిపోతుంది, నిధి ఆఫీసు ఖర్చుకు ఏమీ మిగలదు. అదే గది అద్దె నిధే నేరుగా ఓనరు ఖాతాలో వేస్తే నూటికి నూరూ లెక్కే.

పలమనేరు పడమర:

ఆడిటర్ గారూ, లెక్క బాగుండాది. కానీ డబ్బిచ్చేదెవురు? మా పడమటి మండలాల్లో చేతికి డబ్బొచ్చేది మామిడి, పాలు, టమోటా మీద. 2025లో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలని చెప్పాల్సొచ్చిందంటే రైతు ఎట్లుండాడో తెలుస్తాదిగదా. సంస్థకు కష్టమొచ్చిన ఏడే దాతకీ కష్టం వస్తాది. అందుకే మంచి ఏడు దాచి పెట్టాలనేది నేనూ ఒప్పుకుంటా.

ఇంకొకటి. సీఎస్ఆర్‌లో కంపెనీ చుట్టుపక్కల ఊళ్ళకు ముందు చూడమని చట్టమే చెప్తాది. సత్యవేడు పక్క శ్రీసిటీ ఉండాది, ఆ చుట్టూ వస్తాది. కుప్పం పక్క పల్లెలో పనిచేసే సంస్థకు ఎట్ల వస్తాది? నిధి తిరుపతి టౌనుకే అంటే మేం ఒక్క రూపాయి ఇయ్యం. పేరు ఊరి నిధి అయినా తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలకీ పెట్టండి.

గోవిందరాజ వీధి:

రెండు జిల్లాల మాట ఒప్పుకుంటున్నా. టీచరమ్మ గారి ఏప్రిల్ లెక్క కూడా కాదనలేను. అయినా అసలు తియ్యడానికి మనసొప్పడం లేదు. ‘గడ్డుకాలం’ అని ఎవరు తేలుస్తారు? ఏటా ఎవరికో ఒకరికి గడ్డుకాలమే.

చిత్తూరు కోశాధికారి:

తగువు మొత్తం ఒకే కుండ పెట్టుకోవడం వల్ల వస్తోంది. రసీదు పుస్తకాలు రెండు కొట్టించండి. ఒకదానిలో ‘ఈ మొత్తం మూలనిధికి, వడ్డీ మాత్రమే వాడవలెను’ అని, దాత సంతకానికి చోటు. రెండోదానిలో ‘సాధారణ విరాళం’. దాత ముందు రెండూ పెట్టి ఏది కావాలో అడగాలి. తాళం వెయ్యమన్నవాళ్ళ డబ్బుకు తాళం, వద్దన్నవాళ్ళ డబ్బు ఈ ఏడాది అవసరాలకు. రెండింటికీ పాన్ రాయాలి. నగదు 2 వేలు దాటితే దాతకు 80జీ పన్ను తగ్గింపు రాదని అక్కడే చెప్పాలి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు 80జీ అసలు లేదు, ఆ ఆశ చూపి అడగొద్దు.

దుకాణాల్లో డబ్బాలు పెడదామని ఇంతకుముందు ఎవరో అన్నారు. పేరు తెలియని విరాళాలు లక్ష రూపాయలు, మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, పైమొత్తానికి 30 శాతం పన్ను. గుడి హుండీకి లేని నియమం మనకుంది.

ఇచ్చే పద్ధతి మీద ఇంకా గట్టిగా చెప్తా. దరఖాస్తు ఒక్క పేజీ. నెల ఖర్చెంత, చేతిలో ఎన్ని నెలలకుంది, ఏ డబ్బు ఎప్పుడు ఆగింది, ఎన్ని నెలలకు కావాలి. వెంట 12ఏబీ (పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్) ఉత్తర్వు, పోయినేడాది ఆడిట్, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, జీతాల రిజిస్టరు ఫొటో. ఆ రిజిస్టరులో సంతకాలన్నీ ఒకే కలంతో, ఒకే రోజున పెట్టినట్టుంటే వెళ్ళి చూసి రావాలి. పదిరోజుల్లో అవునో కాదో చెప్పాలి. డబ్బు జీతాలకు, అద్దెకు అని స్పష్టంగా రాసివ్వాలి. కొత్త కార్యక్రమం చూపించమని అడిగితే సంస్థలు లేని పని పుట్టిస్తాయి, ఉన్న పని ఆగిపోతుంది. ఒకేసారి ఇవ్వకుండా నెలనెలా వెయ్యాలి. ఒకరికి ఒక రోజులో 10 వేలు దాటిన నగదు ఖర్చు లెక్కలోకి రాదు, కాబట్టి అంతా ఖాతాలోనే.

తిరుచానూరు ఆడిటర్:

రెండు పుస్తకాల ఆలోచన బాగుంది, కానీ ఒక గుంత ఉంది. సాధారణ విరాళం ఆదాయమే, దానికీ 85 శాతం వర్తిస్తుంది. ‘మంచి ఏడు దాచి’ అన్నారు కదా, దాచాలంటే 11(2) కింద, దేనికో స్పష్టంగా రాసి, ఫారం 10 వేసి, ఐదేళ్ళదాకా దాచొచ్చు. కానీ అలా దాచిన డబ్బు వేరే ట్రస్టుకు ఇస్తే ఖర్చుగా ఒప్పుకోరు. నిధి తనే ఖర్చుపెట్టాలి.

జీవకోన టీచరమ్మ:

అంటే టీచరుకు జీతం నిధే ఇస్తుందన్నమాట. అప్పుడు ఆ టీచరు ఎవరి మాట వినాలి? పేటలో పదేళ్ళుగా పిల్లల్ని పోగుచేసిన సంస్థ చేతిలోంచి బడి జారిపోదా?

తిరుచానూరు ఆడిటర్:

ఆ ప్రమాదం నిజమే. అందుకే దాచిన డబ్బుతో మనుషుల జీతాలు కాకుండా అద్దె, మందులు, బియ్యం వంటివి బిల్లు మీద నేరుగా కట్టండి. జీతాలు ఆ ఏడాది వచ్చిన విరాళాల్లోంచి, వడ్డీలోంచి సంస్థకే ఇవ్వండి, 15 శాతం కోత భరించండి. అప్పుగా ఇద్దామన్న ఆలోచన వద్దు. 11(5) మార్గాల్లో అప్పు లేదు.

చవకగా అయ్యే ఇంకో సాయం ఎవరూ అడగడం లేదు. చిన్న సంస్థల ఆడిటర్ ఫీజు నిధి కట్టాలి. 12ఏబీ పునరుద్ధరణకు గడువు తీరే ఆరు నెలల ముందే దరఖాస్తు వెయ్యాలి. మరిచిపోతే 115టీడీ కింద, ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదాని మీద గరిష్ఠ రేటున పన్ను. సొంత గది ఉన్న చిన్న సంస్థ ఆ ఒక్క దెబ్బతో గది అమ్ముకోవాలి. ఏటా ఆదాయం 5 కోట్లు దాటని సంస్థలకు 2025 సవరణతో రిజిస్ట్రేషన్ పదేళ్ళకిస్తున్నారు. ఒక్కసారి సరిగ్గా చేయిస్తే పదేళ్ళు నిశ్చింత.

పలమనేరు పడమర:

రిజిస్ట్రేషనే లేని మహిళా గుంపులు, యువజన సంఘాలు ఉండాయి. వాళ్ళకేమి?

చిత్తూరు కోశాధికారి:

వాళ్ళకు డబ్బు వద్దు, సరుకివ్వాలి. బిల్లు నిధి పేరున, పంచిన జాబితా వాళ్ళ సంతకంతో. ఏడాది సరిగ్గా నడిస్తే 2001 రాష్ట్ర సొసైటీల చట్టం కింద నమోదుకు సాయం చెయ్యొచ్చు.

గోవిందరాజ వీధి:

సరే, రెండు పుస్తకాలకు నేను ఒప్పుకుంటున్నా. మూలనిధి పుస్తకంలో దాత సంతకం పైన ఇంకో గీత వెయ్యండి: ‘విపత్తు ప్రకటించిన ఏడాది ట్రస్టీల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటే పదోవంతు వరకు తీసి, ఐదేళ్ళలోపు నింపవచ్చు: అవును / కాదు’. దాతే టిక్కు పెట్టాలి. విపత్తు అంటే ప్రభుత్వం ప్రకటించినదే. ఏప్రిల్‌లో సీఎస్ఆర్ ఆగడం దాంట్లోకి రాదు.

జీవకోన టీచరమ్మ:

పదోవంతుకు ఒప్పుకుంటా. విపత్తు ప్రభుత్వం ప్రకటించేదాకా ఆగాలన్నదానికి ఒప్పుకోను. పేటలో బడులు మూతపడితే ఏ ప్రభుత్వమూ విపత్తని ప్రకటించదు. ట్రస్టు డీడ్ రాసేముందు ఆ మాట మీద ఓటు పెట్టండి.