కొలోన్‌లో రెండు రోజుల్లో ఛాంపియన్‌ని తేల్చేయడం న్యాయమేనా?

ఎల్బే_ఒడ్డు | 2025 జూలై 5, శనివారం

ముందే చెప్పేస్తున్నా, ఇది ఓడిపోయినవాడి ఏడుపు కాదు. నేను జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఎంఎస్ చేస్తున్నాను. మా ఊరి టీమ్ గత నెల 15న కొలోన్‌లో ఫ్యూక్సె బెర్లిన్‌ని 32-26తో ఓడించి హ్యాండ్‌బాల్ ఛాంపియన్స్ లీగ్ కప్పు తెచ్చుకుంది. అయినా ఒక అనుమానం నన్ను తొలుస్తూనే ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూరప్ క్లబ్బులకు ఇదే అన్నిటికన్నా పెద్ద కప్పు. 16 టీమ్‌లు, రెండు గ్రూపులు, గ్రూపులో ఒక్కో టీమ్‌కి 14 మ్యాచ్‌లు. తర్వాత ప్లేఆఫ్, క్వార్టర్ ఫైనల్, రెండూ ఇంట్లో ఒకటి బయట ఒకటి. చివరికి మిగిలిన నాలుగు టీమ్‌లనీ కొలోన్‌లోని లాంక్సెస్ అరీనాకి పిలిచి శనివారం రెండు సెమీస్, ఆదివారం ఫైనల్ కానిచ్చేస్తారు. దీన్నే ఫైనల్ ఫోర్ అంటారు. 2010 నుంచీ ఇంతే. అంతకుముందు ఫైనల్ కూడా రెండు మ్యాచ్‌లే. వాళ్ల ఊళ్లో ఒకటి, వీళ్ల ఊళ్లో ఒకటి, గోల్స్ కలిపి చూసేవాళ్లు.

నా అనుమానం 2023లో మొదలైంది. శనివారం బార్సిలోనాతో సెమీస్. మ్యాచ్ ఏడు మీటర్ల త్రోల (ఫుట్‌బాల్‌లో పెనాల్టీ షూటౌట్ లాంటివి) దాకా వెళ్లి 40-39తో గెలిచాం. ఆ మ్యాచ్‌లోనే మా సెంటర్ బ్యాక్, ఐస్‌లాండ్ కుర్రాడు గిస్లీ క్రిస్టియాన్సన్ భుజం జారిపోయింది. హాస్టల్ కిచెన్‌లో లాప్‌టాప్ చుట్టూ ఆరుగురం ఉన్నాం. పొయ్యి మీద పప్పు మాడుతోందని వాసన వచ్చినా ఎవడూ లేవలేదు. ఇక సీజన్ అయిపోయింది వీడికి అనుకున్నాం. ఆదివారం సాయంత్రం చూస్తే కోర్టులో ఉన్నాడు! పోలండ్ టీమ్ కీల్త్సె మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 30-29తో గెలిచాం, బెస్ట్ ప్లేయర్ అవార్డు కూడా అతనికే. తర్వాత ఆపరేషన్, నెలల తరబడి ఆటకు దూరం.

అప్పుడు గంతులేశాను. ఇప్పుడు అనిపిస్తోంది, మధ్యలో ఒక వారం గ్యాప్ ఉంటే అతను అలా ఆడాల్సి వచ్చేదా? తొమ్మిది నెలల సీజన్‌ని ఇరవై నాలుగు గంటల్లో తేల్చడమేంటి? మీరేమంటారు?

బుడాపెస్ట్_బాబాయ్

తమ్ముడూ, గెలిచి బాధపడటం కూడా ఒక వైభోగమే. మా వైపు వచ్చి చూడు.

నేను ఇక్కడికొచ్చి పదిహేనేళ్లయింది. ఆఫీసులో ఒకాయన హ్యాండ్‌బాల్ మ్యాచ్‌కని వెస్‌ప్రేమ్ తీసుకెళ్లాడు, అంతే, ఇరుక్కుపోయా. అరవై వేల జనాభా కూడా లేని ఊరు. హాల్లో పట్టేది ఐదు వేల మంది. వాళ్లు కాళ్లు నేలకేసి కొడితే పక్కవాడి మాట వినపడదు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ నాలుగుసార్లు ఆడాం. 2002, 2015, 2016, 2019. నాలుగూ పోయాయి. పేరులో ప్రేమ్ ఉంది గానీ కప్పుకే మా మీద లేదు.

2016 సంగతి చెప్పాలంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. కీల్త్సె మీద ఇంకా 14 నిమిషాలుందనగా 28-19తో మేం ముందున్నాం. తొమ్మిది గోల్స్! హ్యాండ్‌బాల్‌లో ఆ తేడా ఉంటే బెంచ్ మీదవాళ్లు టవల్స్ సర్దుకోవడం మొదలుపెడతారు. ఆ 14 నిమిషాల్లో మేం కొట్టింది ఒక్క గోల్. 29-29. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక 35-35. ఏడు మీటర్ల త్రోల్లో వాళ్ల పివట్ (అవతలి డిఫెన్స్ మధ్యలో నిలబడి ఆడేవాడు) అగినగాల్దె ఆఖరిది వేశాడు, 39-38.

అదే పాత పద్ధతి అయితే ఆ తొమ్మిది గోల్స్‌లో రెండు మిగిలినా చాలు, వారం తర్వాత మా ఐదు వేల మంది ముందు చూసుకునేవాళ్లం. అందుకే నా ఓటు రెండు మ్యాచ్‌ల ఫైనల్‌కే.

లెక్కల_పిచ్చి

బాబాయ్, మీ బాధ అర్థమైంది. కానీ మీరు లిస్టులో పెట్టిన 2002 ఫైనల్ రెండు మ్యాచ్‌ల ఫైనలే కదా? మీ ఊళ్లో 23-21తో గెలిచారు, మాగ్డెబుర్గ్ వెళ్లి 30-25తో ఓడారు. మీరు కోరుకుంటున్న పద్ధతిలోనే పోయింది. చిత్రం ఏంటంటే మిమ్మల్ని ఓడించింది ఈ చర్చ మొదలెట్టినవాళ్ల ఊరే.

పాత పద్ధతిలో అదృష్టం పాత్ర లేదనుకోవడం కూడా పొరపాటు. చివరిసారి రెండు మ్యాచ్‌లు ఆడింది 2009లో. జర్మన్ టీమ్ కీల్ తన ఇంట్లో స్పెయిన్ టీమ్ సియుదాద్ రియాల్‌ని 39-34తో కొట్టింది. స్పెయిన్ వెళ్లి 33-27తో ఓడింది. కలిపితే 67-66. రెండు గంటల ఆట, ఒక్క గోల్ తేడా. ఇందులో న్యాయం ఎక్కడ ఎక్కువుందో నాకైతే కనపడలేదు.

అసలు ప్రశ్నకొస్తే, శనివారం బాగా అలిసిన టీమ్ ఆదివారం ఓడిపోవాలి కదా? లెక్క చూడండి.

2014: ఫ్లెన్స్‌బుర్గ్ సెమీస్‌లో బార్సిలోనాతో ఏడు మీటర్ల త్రోల దాకా వెళ్లింది. మర్నాడు కీల్‌ని 30-28తో కొట్టింది.

2020: కోవిడ్ వల్ల డిసెంబర్‌కి వాయిదా పడ్డ ఫైనల్ ఫోర్. కీల్ సెమీస్‌లో వెస్‌ప్రేమ్ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 36-35 (సారీ బాబాయ్). మర్నాడు బార్సిలోనాని 33-28తో దింపింది.

2023: మీరే చెప్పారు.

ఈ ఏడాది: ఫ్యూక్సె సెమీస్‌లో నాంత్‌ని పది గోల్స్ తేడాతో, 34-24తో ఆడుతూ పాడుతూ దాటేసింది. మాగ్డెబుర్గ్ బార్సిలోనా మీద 31-30తో బతికి బయటపడింది. ఫైనల్‌లో ఎవరు కుప్పకూలారు?

నాలుగు ఉదాహరణలతో సిద్ధాంతం కట్టలేం, ఒప్పుకుంటా. కానీ అలసట వల్ల అన్యాయం జరుగుతోందనే వాదనకి మాత్రం ఇవి అడ్డమే.

ఎల్బే_ఒడ్డు

2014, 2020 నాకు తెలియవు. సరే, అలిసిన టీమ్ ఓడుతుందనే మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నేనడిగింది అది కూడా కాదేమో. టీమ్ గెలిచింది, గిస్లీ భుజం ఓడింది. మీ లెక్కలో ఆ కాలమ్ లేదు.

లెఫ్ట్‌వింగ్_స్వప్న

యూనివర్సిటీ టీమ్‌కి నాలుగేళ్లు ఆడాను, ఇక్కడ ఎవరూ మాట్లాడని రెండు విషయాలు చెప్తా.

మొదటిది, అంతా మగవాళ్ల ఫైనల్ ఫోరే అన్నట్టు రాస్తున్నారు. మహిళల ఛాంపియన్స్ లీగ్‌కీ 2014 నుంచి ఇదే పద్ధతి, బుడాపెస్ట్‌లో. బాబాయ్ గారు మీ ఊళ్లోనే! హంగరీ టీమ్ గ్యోర్‌కి అది సొంత దేశం కాబట్టి అన్యాయం అని అనేవాళ్లున్నారు. నిరుడు, ఈ ఏడాది గ్యోరే గెలిచింది, నిజమే. కానీ అదే బుడాపెస్ట్‌లో 2016లో బుకారెస్ట్, 2022లో నార్వే టీమ్ వైపర్స్ ఫైనల్‌లో గ్యోర్‌నే ఓడించాయి. మగవాళ్లలోనూ అంతే. 2017, 18, 19, వరుసగా మూడేళ్లు కొలోన్‌కి ఒక్క జర్మన్ టీమ్ కూడా రాలేదు. ఇల్లు వాళ్లది, పెళ్లి వేరేవాళ్లది.

రెండోది డబ్బు. వైపర్స్ 2021, 22, 23 వరుసగా మూడు కప్పులు గెలిచింది. ఈ జనవరిలో దివాలా తీసింది. హాంబుర్గ్ 2013లో ఛాంపియన్, 2016 జనవరికల్లా దివాలా, సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి ఔట్. మీరు పైన చెప్పిన సియుదాద్ రియాల్ మూడు కప్పుల టీమ్. 2011లో మాడ్రిడ్‌కి మారి అట్లెటికో పేరు పెట్టుకుంది, 2013లో మూతపడింది. ఈ ఆటలో కప్పు గెలవడం కన్నా మరుసటి ఏడాది జీతాలు ఇవ్వడమే కష్టం. ఐదు వేల సీట్ల హాల్లో ఫైనల్ ఆడితే మనకి బాగానే ఉంటుంది. స్పాన్సర్‌కి చూపించాలంటే దాదాపు ఇరవై వేల మంది నిండిన హాలు కావాలి. కొలోన్ ఇస్తున్నది అదే. న్యాయం గురించి మాట్లాడేముందు క్లబ్ బతికుండాలి కదా.

బుడాపెస్ట్_బాబాయ్

అమ్మా స్వప్నా, ఒప్పుకుంటా, మహిళల ఫైనల్ ఫోర్ ఇక్కడే జరుగుతున్నా ఒక్కసారి కూడా వెళ్లలేదు. వచ్చే ఏడాది వెళ్తా. కానీ స్పాన్సర్ కోసం ఆటని మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది స్పాన్సరే.

పీఈటీ_సార్

మా స్కూల్ గేమ్స్ పద్ధతిలో పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఒక మ్యాచ్, మర్నాడు సెమీస్, ఫైనల్. సున్నంతో గీసిన ఆరు మీటర్ల గీత రెండో మ్యాచ్‌కల్లా చెరిగిపోతుంది, మళ్లీ గీయించాలి. మట్టి గ్రౌండు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. పిల్లలు ఆడేస్తారు. కాబట్టి రెండు రోజుల్లో రెండు మ్యాచ్‌లు అంటే నాకు మొదట నవ్వొచ్చింది.

కానీ తేడా ఉంది. మా పిల్లలు ఏడాదికి పది పన్నెండు మ్యాచ్‌లు ఆడతారు. అక్కడివాళ్లు అప్పటికే బండెడు మ్యాచ్‌లు ఆడి వస్తారు, పైగా ఒక్కొక్కడు వంద కిలోలు. పివట్‌ని ఇద్దరు డిఫెండర్లు మధ్యలో బిగించి పట్టుకుంటే ఆ దెబ్బ టీవీలో తెలియదు.

నా సలహా సింపుల్. సెమీస్ శుక్రవారం, ఫైనల్ ఆదివారం. మధ్యలో ఒక రోజు. హాలు అదే, జనం వాళ్లే.

లెక్కల_పిచ్చి

సార్, బాగుంది, కానీ ఒక్క రోజులో ఏ భుజమూ మానదు. రోగం ఒకచోట ఉంటే మనం కట్టు వేరేచోట కడుతున్నాం.

గ్రూప్ దశ చూడండి. 2020-21 నుంచి ఇప్పటి పద్ధతి. ఒక్కో గ్రూపులో ఎనిమిది టీమ్‌లు, 56 మ్యాచ్‌లు. రెండు గ్రూపులకీ 112. ఒక్కో గ్రూపు నుంచి ఆరు టీమ్‌లు ముందుకెళ్తాయి. అంటే 112 మ్యాచ్‌లు ఆడించి ఇంటికి పంపేది నలుగురిని! మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికలు కూడా ఇంతకన్నా త్వరగా తేలతాయి.

ఇంకోవైపు జర్మన్ లీగ్‌లో 18 టీమ్‌లు, 34 మ్యాచ్‌లు. పైన జర్మన్ కప్పు. పైన ప్రతి జనవరిలో జాతీయ జట్లకి ఒక ఏడాది ప్రపంచ కప్పు, ఒక ఏడాది యూరో. తేదీలు కుదరక 2018లో ఏం జరిగిందో గుర్తుందా? రైన్-నెకర్ లోవెన్‌కి మార్చి 24న కీల్‌లో లీగ్ మ్యాచ్, అదే రోజు పోలండ్‌లో కీల్త్సెతో ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్. ఎవరూ తేదీ మార్చలేదు. లోవెన్ అసలు టీమ్‌ని లీగ్‌కి పంపి, కీల్త్సెకి తమ రెండో టీమ్‌ని పంపింది. 41-17తో ఓడారు. యూరప్‌లో అతి పెద్ద కప్పు, నాకౌట్ దశ, ఒక జర్మన్ ఛాంపియన్ క్లబ్ కుర్రాళ్లని పంపి చేతులు దులుపుకుంది.

గిస్లీ భుజం పోయింది శనివారం సాయంత్రమే కావచ్చు. అరిగింది మాత్రం అంతకుముందు నెలల్లో. గ్రూపులో ఆరేడు మ్యాచ్‌లు కోసేయండి. కొలోన్‌ని ముట్టుకోకండి.

ఎల్బే_ఒడ్డు

112 మ్యాచ్‌లకి నలుగురా! నేనెప్పుడూ అలా లెక్కేయలేదు. గ్రూప్ మ్యాచ్‌లకి బుధవారం, గురువారం రాత్రిళ్లు థీసిస్ వదిలేసి వెళ్లా.

కానీ చిన్న అభ్యంతరం. ఆ మ్యాచ్‌లు కోసేస్తే మా హాల్లో బార్సిలోనాని, వెస్‌ప్రేమ్‌ని చూసే అవకాశం పోతుంది. కొలోన్ టికెట్, రైలు, హోటల్ స్టూడెంట్‌కి ఎక్కడ కుదురుతాయి? మామూలు జనానికి దొరికే ఛాంపియన్స్ లీగ్ అంటే ఆ అక్కర్లేని గ్రూప్ మ్యాచ్‌లే.

బుడాపెస్ట్_బాబాయ్

శభాష్ తమ్ముడూ. ఇది మా హాలు మాట.

లెఫ్ట్‌వింగ్_స్వప్న

గిస్లీ విషయంలో ఒకటి. అందరూ అతన్ని ఎవరో బలవంతంగా దించినట్టు మాట్లాడుతున్నారు. నేను వేలు విరిగితే పక్క వేలుకి టేపు చుట్టి సౌత్ జోన్ సెమీస్ ఆడాను. నన్నెవరూ ఆడమనలేదు. ఆడొద్దన్నవాళ్ల మీద అరిచాను కూడా. వారం గ్యాప్ ఇచ్చినా అతను ఆడేవాడు. ప్లేయర్‌ని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, కాబట్టి అడిగే పని డాక్టర్‌ది అవ్వాలి. కోచ్‌ది కాకూడదు, ప్లేయర్‌ది అసలే కాకూడదు.

పీఈటీ_సార్

స్వప్న గారూ, ఈ మాట ఇరవై ఏళ్ల క్రితం వినుంటే బాగుండేది. జిల్లా సెలెక్షన్స్‌లో మా లెఫ్ట్ బ్యాక్ ఒకడికి సెమీస్‌లో మడమ మెలిక పడింది. నేనే ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజీ బిగించి, "ఆడతావా రా?" అన్నాను. వాడు తల ఊపాడు. ఊపకుండా ఎలా ఉంటాడు, అడిగింది నేను. ఫైనల్లో ఏడు గోల్స్ వేశాడు, స్టేట్‌కి సెలెక్ట్ అయ్యాడు, స్టేట్‌కి వెళ్లలేకపోయాడు. ఆ తర్వాత ఆ కాలి మీద జంప్ షాట్ వేయలేదు. ఇప్పుడు మా ఊళ్లోనే మెడికల్ షాప్ పెట్టుకున్నాడు. వెళ్తే కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు, ఆ మ్యాచ్ గురించి సంతోషంగా చెప్తాడు. నన్ను ఒక్క మాట అనడు. నాకు అదే ఇబ్బంది.

శుక్రవారం, ఆదివారం అన్న నా సలహా మీద ఇంకా నిలబడే ఉన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియడం లేదు.

లెక్కల_పిచ్చి

సార్, సరే. శుక్రవారం సెమీస్‌కి నా ఓటు కూడా వేసుకోండి. గ్రూపుల మీద మాత్రం తగ్గను.

బుడాపెస్ట్_బాబాయ్

నేను దేని మీదా తగ్గలేదు, గమనించగలరు. పొద్దున మా ఆవిడ అడిగింది, హార్డ్ డిస్క్ నిండిపోయింది, ఆ 2016 మ్యాచ్ రికార్డింగ్ తీసేయనా అని. వద్దన్నాను. 46వ నిమిషం దాకా చాలా గొప్ప మ్యాచ్ అది.