పామరేనియన్ (పామ్) కుక్కకి పొట్ట వేలాడుతోంది, టీ4 (థైరాయిడ్ హార్మోన్) తక్కువ వచ్చింది: థైరాయిడా, అడ్రినలా?

పటమట_పామ్, విజయవాడ
మగ పామ్, 9 ఏళ్లు, బరువు 9 కిలోలు. రెండు నెలలుగా నీళ్లు తెగ తాగుతోంది, రాత్రి రెండుసార్లు ఉచ్చకి లేపుతోంది. ఎంత పెట్టినా గిన్నె నాకుతూ కూర్చుంటుంది. పొట్ట కిందకి జారింది, వెన్నెముక మాత్రం చేతికి తగులుతోంది. పక్కలా, తోకా బోడి అయ్యాయి. రిపోర్టులో షుగర్ 118, లివర్ ఎంజైములు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 1,140, ఎస్‌జీపీటీ 160, కొలెస్ట్రాల్ 390, టీ4 0.8. మెటబాలిజం మందగించిందనీ, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ మొదలుపెట్టి అన్నం సగానికి తగ్గించమనీ సలహా ఇచ్చారు. కరెక్టేనా అండి?

గుంటూరు_వెట్
థైరాక్సిన్ ఇప్పుడే వద్దండి. థైరాయిడ్ తగ్గిన కుక్క మందకొడిగా పడుకుంటుంది, బరువు పెరుగుతుంది కానీ ఇలా ఆకలితో వెంటపడదు, ఇన్ని నీళ్లూ తాగదు. ఒంట్లో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్) ఎక్కువైతే టీ4 దానంతటదే కిందకి దిగుతుంది. ఆ అంకె చూసి మాత్ర వేస్తే ఇప్పటికే కరుగుతున్న కండ ఇంకా వేగంగా కరుగుతుంది.

మీ కుక్క మెటబాలిజం మందగించలేదు, దారి తప్పింది. కార్టిసాల్ కండలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది, లివర్ దాన్ని చక్కెరగా మారుస్తుంది. అదే సమయంలో ఇన్సులిన్ మాట కణాలు వినకుండా చేస్తుంది. అందుకే షుగర్ పైఅంచున తచ్చాడుతుంది, కొన్ని కుక్కలకి అసలు డయాబెటిసే వస్తుంది. కాళ్ల దగ్గరి కొవ్వు కడుపు లోపలికి చేరుతుంది, లివర్ గ్లైకోజెన్‌తో (నిల్వ చక్కెరతో) ఉబ్బుతుంది, పొట్ట గోడ కండ పలచబడి ఆ బరువు ఆపలేదు. వేలాడే పొట్ట అంటే ఈ మూడూ కలిసిందే, తిని పెరిగిన బొజ్జ కాదు. కావాలంటే పొట్ట కింద చర్మం వేళ్లతో మెల్లగా లాగి చూడండి: కాగితంలా పలచగా ఉండి నీలి నరాలు కనబడతాయి, చిన్న నల్ల చుక్కలూ ఉండొచ్చు.

ఫాస్ఫటేజ్ 1,140 చూసి లివర్ పాడైందని కంగారు పడొద్దు. స్టెరాయిడ్‌కి స్పందించి ఆ ఎంజైమ్‌ని ప్రత్యేకంగా తయారుచేసే లక్షణం కుక్క లివర్‌కి ఉంది. నీళ్లెక్కువ తాగడానికి కారణం, ఉచ్చని చిక్కబరిచే హార్మోన్ పనిని కార్టిసాల్ అడ్డుకోవడం. నీళ్ల గిన్నె తీసేయడం మాత్రం చేయకండి.

ఇక ముఖ్యమైన ప్రశ్న. గత ఆరు నెలల్లో దురదకి మాత్రలు, ఇంజెక్షన్లు, చెవి చుక్కలు, ఆయింట్‌మెంట్లు ఏమైనా వాడారా? చుక్కలని తేలిగ్గా తీసుకోకండి, సీసా మీద బీటామెథసోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ పేరు ఉందేమో చదవండి.

పటమట_పామ్
సంక్రాంతి ముందు నుంచి స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. రోజుకొకటి. రెండు చెవుల్లో బీటామెథసోన్ ఉన్న చుక్కలు, పూటకి ఐదారు, రెండు పూటలా. రెండూ ఇంకా నడుస్తున్నాయి. రేపటి నుంచే ఆపేయమంటారా?

గుంటూరు_వెట్
వద్దు! ఒక్కసారిగా ఆపొద్దు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే మెదడు కింద ఉండే పీయూష గ్రంథి ఏసీటీహెచ్ (అడ్రినల్స్‌ని పని చేయించే హార్మోన్) పంపడం మానేస్తుంది, పని లేక అడ్రినల్స్ చిక్కిపోతాయి. హఠాత్తుగా ఆపితే ఒంట్లో కార్టిసాల్ ఉండదు: వాంతులు, నీళ్ల విరేచనాలు, వణుకు, షుగర్ పడిపోవడం, కూలబడిపోవడం. నిన్నటి దాకా కార్టిసాల్ ఎక్కువైన లక్షణాలు, రేపటి నుంచి లేని లక్షణాలు.

9 కిలోల కుక్కకి మామూలుగా తగ్గించేది ఇలా ఉంటుంది: రెండు వారాలు రోజూ అరమాత్ర, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు అరమాత్ర, ఆపై రెండు వారాలు రోజు విడిచి రోజు పావు. మీ డాక్టర్ చేతిమీదుగానే చేయండి, నడుమ తిండి మానినా వాంతి చేసుకున్నా ముందు మెట్టు మోతాదుకి వెనక్కెళ్లాలి. చుక్కలకి బదులు, చెవి గులిమి స్లైడ్ మీద చూసి ఈస్టా, బ్యాక్టీరియానా తేల్చుకుని స్టెరాయిడ్ లేని మందుకి మారండి. మాత్ర తగ్గిస్తూ చుక్కలు అలాగే వేస్తుంటే గ్రంథి కోలుకోదు, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

గన్నవరం_ల్యాబ్
పరీక్ష గురించి రెండు మాటలు. ఈ కేసులో ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ అడగండి: ఒక రక్తం శాంపిల్, కిలోకి 5 మైక్రోగ్రాముల సింథటిక్ ఏసీటీహెచ్ నరంలోకి (మీ పామ్‌కి 45), సరిగ్గా గంటకి రెండో శాంపిల్. రెండోదాంట్లో కార్టిసాల్ 22 మైక్రోగ్రాములు/డెసిలీటర్ దాటితే కుషింగ్స్ జబ్బు (ఒళ్లే కార్టిసాల్ ఎక్కువగా తయారుచేయడం) అనుమానం, రెండూ అడుగునే ఉండిపోతే మందుల వల్ల వచ్చిందే. ప్రెడ్నిసొలోన్‌ని మెషీన్ కార్టిసాల్‌గానే లెక్కేస్తుంది. కాబట్టి చివరి మాత్రకీ శాంపిల్‌కీ మధ్య కనీసం 24 గంటలు ఉండాలి. రోజు విడిచి రోజు ఇచ్చే దశలో పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

మందులన్నీ ఆపి నెలలు గడిచినా లక్షణాలు తగ్గకపోతేనే లో-డోస్ డెక్సామెథసోన్ పరీక్ష, అంటే కొద్దిగా స్టెరాయిడ్ ఇచ్చి కార్టిసాల్ అణుగుతుందా అని చూడటం. అందులో తప్పు జరిగేది మోతాదు దగ్గర. కిలోకి 0.01 మి.గ్రా. అంటే మీ కుక్కకి 0.09 మి.గ్రా., మామూలు 4 మి.గ్రా./మి.లీ. వయల్ నుంచి దాన్ని సిరంజిలో కొలవలేరు. 0.1 మి.లీ. మందుకి 3.9 మి.లీ. సెలైన్ కలిపి అందులోంచి 0.9 మి.లీ. ఇవ్వాలి. రక్తం ముందొకసారి, 4 గంటలకి, 8 గంటలకి. 8 గంటలప్పుడు 1.4 మైక్రోగ్రాములు/డెసిలీటర్ దాటిందంటే కార్టిసాల్ అణగలేదని, కుషింగ్స్ అనుమానం బలపడిందని.

బ్రాడీపేట_క్లినిక్
ఒకవేళ అసలు కుషింగ్సే అయితే నూటికి 80–85 కేసుల్లో మూలం పీయూష గ్రంథిలోని చిన్న గడ్డ, మిగతావాటిలో అడ్రినల్ మీది గడ్డ. అప్పుడు కార్టిసాల్ తయారీని తగ్గించే ట్రైలోస్టేన్, కిలోకి 1 మి.గ్రా. చొప్పున రెండు పూటలా, తిండితోనే. 10–14 రోజులకి మళ్లీ ఏసీటీహెచ్ పరీక్ష. నీరసంగా ఉండి తిండి మానేస్తే ఆ పూట మాత్ర ఆపి సోడియం, పొటాషియం చూడాలి. గర్భిణులు ఆ క్యాప్సూల్ విప్పకూడదు.

నీళ్ల లెక్క ఇంట్లోనే తీయండి. పొద్దున్నే కొలిచి పోసి, 24 గంటలకి మిగిలింది కొలిచి అందులోంచి తీసివేయండి. కిలోకి 100 మి.లీ. దాటితే, అంటే మీకు 900, ఎక్కువే. మే నెల విజయవాడలో ఫ్యాన్ కింద పెట్టిన గిన్నెలో నీళ్లు ఆవిరైపోతాయి, కుక్కకి అందకుండా పక్కన రెండో గిన్నె పెట్టి అందులో తగ్గినంత మినహాయించండి. రొప్పడం కూడా అంతే, ఎండకి అన్ని కుక్కలూ రొప్పుతాయి. ఏసీ గదిలో పడుకుని రొప్పుతుంటే అది వేరే.

పటమట_పామ్
మరి అన్నం సగం చేయాలా?

బ్రాడీపేట_క్లినిక్
తగ్గించాల్సింది నెయ్యి, మీగడ, వేపుళ్లు. కొవ్వు ఇప్పటికే రక్తంలో ఎక్కువుంది, పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. రోజుకి 450 కేలరీల దాకా చాలు: తోలు తీసి ఉడికించిన చికెన్ 150 గ్రాములు, వండిన అన్నం 150 గ్రాములు, కాస్త గుమ్మడికాయ, మూడు పూటలుగా. దీర్ఘకాలం ఇదే పెడితే కాల్షియం, మినరల్ పొడి కలపాలి. ఉచ్చ కల్చర్ ఒకసారి చేయించండి, స్టెరాయిడ్ మీదున్న కుక్కకి ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. జుట్టు కోసం మాత్రం నెలలు పడుతుంది, తొందరపడి నూనెలు రాయకండి.