ఎఫ్‌డీకి పోతే బీమా పాలసీ అంటగట్టారు, తప్పు ఎవరిది?

ప్రశ్న (మిర్యాలగూడ)
యాసంగి వడ్లు అమ్మిన పైసలు ఎఫ్‌డీ చేద్దామని మా బాపు బ్యాంకుకు వెళ్లారు. "ఎఫ్‌డీ లాంటిదే, ఇంకొంచెం ఎక్కువ వస్తుంది" అని కౌంటర్‌లో ఉన్న అమ్మాయి సంతకాలు తీసుకుంది. తీరా ఇంటికొచ్చిన కాగితాలు చూస్తే, పదేళ్లపాటు ఏటా లక్ష కట్టాల్సిన బీమా పాలసీ! వానాకాలం పెట్టుబడికి ఆ పైసలే ఆధారం. బాపు మాత్రం "ఆ పిల్లను ఏమనకు, నౌకరీ పోతది" అంటున్నారు. ఇప్పుడేం చేయాలి? ఏళ్ల తరబడి అక్కడే ఖాతా ఉన్న రైతుకు ఇట్లా ఎందుకు చేస్తారు?

జవాబు (నల్గొండ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి)
బాబూ, ముందు పాలసీ చేతికొచ్చిన తేదీ చూడు. అప్పటి నుంచి 30 రోజుల్లోపు 'ఫ్రీ లుక్' కింద రద్దు చేసుకోవచ్చు. స్టాంపు డ్యూటీ, మెడికల్ ఖర్చు, ఆ కొన్నాళ్ల రిస్క్ ప్రీమియం (బీమా రక్షణ ఇచ్చినందుకు) పట్టుకొని మిగతాది ఇస్తారు. దరఖాస్తు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, బ్యాంకులో నోటిమాట చాలదు.

ఎందుకు చేస్తారంటావా? సాయంత్రం రివ్యూ కాల్‌లో మొదటి ప్రశ్నే "ఈరోజు ఎన్ని పాలసీలు?" సున్నా అని చెప్పాలంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. బ్యాంకుకు ఎక్కువ కమిషన్ వచ్చేది మొదటి ఏడాది ప్రీమియం మీదే. రెండో ఏడాది రైతు కట్టలేక వదిలేసే నాటికి, అమ్మినవాళ్లు బదిలీ మీద వేరే బ్రాంచిలో ఉంటారు. మీ బాపు నష్టం ఎవరి రివ్యూలోకీ రాదు. ఆ పిల్ల మీద కోపం పెట్టుకోకు.

జవాబు (మహబూబ్‌నగర్)
కోపం వద్దంటే ఎట్లా సార్? అబద్ధం చెప్పింది ఆమే కదా. కాకపోతే ఒకరిని తీసేస్తే ఇది ఆగదన్నది నిజం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలని సిబ్బంది వెంటపడింది. వాళ్లు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో బయటపడేసరికి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాతే అమ్మకాల టార్గెట్లు ఎత్తేశారు. ముందు ఎత్తేయాల్సింది అవే.

జవాబు (జడ్చర్ల)
బ్యాంకుల్లోనే కాదు. మా ఫ్రిజ్ బాగుచేయకముందే మెకానిక్ కంప్లయింట్ క్లోజ్ చేసే ఓటీపీ అడిగాడు. గడువులోపు కంప్లయింట్ క్లోజ్ కాకపోతే అతనికి పైసలు కోస్తారట. అక్కడ క్లోజ్ అయింది, ఇక్కడ పాలు విరుగుతూనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ థ్యాంక్స్. పాలసీ వచ్చి ఇంకా నెల కాలేదు, రేపే దరఖాస్తు ఇస్తాం. అమ్మాయి పేరు రాయొద్దని బాపు పట్టుబట్టారు. ఏం చెప్పి అమ్మారో మాత్రం పూర్తిగా రాస్తాను. రసీదు ఇవ్వకపోతే?

జవాబు (నల్గొండ)
ఈమెయిల్ చెయ్యి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపు. కంపెనీ పట్టించుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. బ్యాంకుకు విడిగా ఫిర్యాదు ఇవ్వు. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు, రూపాయి ఖర్చు లేదు.