ఘర్కుల్ (సర్కారు ఇచ్చే ఇల్లు) రెండో హప్తా (కిస్తు) పడ్తలేదు, అమ్మ ఇంకా ప్లాస్టిక్ కవర్ కిందనే ఉంటుంది, ఏం చెయ్యాలె?

ప్రాణహిత ఒడ్డు:
అందరికి నమస్తే. మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరోంచ దిక్కు చిన్న ఊరు, అమ్మ కైకిలి పోతది, భూమి లేదు. పోయినేడు ప్రధానమంత్రి ఆవాస్ కింద అమ్మ పేరు మీద ఘర్కుల్ వచ్చింది, మొదటి హప్తా 15,000 పడ్డయ్, ఆ పైసలకు బేస్‌మెంట్ యాడ లేస్తది, అప్పు తెచ్చి లేపినం. ఉన్న గుడిసె పీకి అదే జాగల కడుతున్నం, అందుకే అమ్మ, చెల్లె పక్కన కవర్ కప్పుకొని ఉంటున్నరు. బేస్‌మెంట్ ఫొటో యాప్‌ల ఎక్కితేనే రెండో హప్తా అన్నరు. ఫొటో తీయనీకి వచ్చిననాడు అమ్మ మిర్చి ఏరనీకి గోదావరి అవతల భూపాలపల్లి దిక్కు పోయి ఉండె, మనిషి లేదని ఎల్లిపోయిండ్రు, మళ్ల రాలే. ఐదు నెలలాయె. ఆఫీసుకు పోతే సోమవారం రా అంటరు, పోయినప్పుడల్ల ఒకరోజు కూలీ పాయె, ఆటో కిరాయి పాయె. వానలు ముంగటున్నయ్. ఎవరికన్న తెలిస్తే చెప్పుర్రి.

గోదారి గాలి:
తమ్మీ, మంజూరు కాయితం మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటది, ఆవాస్ సైట్ల కొట్టి చూడు, ఏ హప్తా పోయింది, ఏది ఆగింది తెలుస్తది. నోటితోని అడుగుడు బంద్ చెయ్యి. దరఖాస్తు రాసి గ్రామసేవక్‌కు (ఊరి పంచాయతీ కార్యదర్శి) ఒకటి, పంచాయత్ సమితిల (తాలూకా ఆఫీసు) ఒకటి ఇచ్చి నీ కాపీ మీద ముద్ర ఏపిచ్చుకో, ముద్రుంటేనే రేపు జిల్లాల అడగొస్తది. ఆధార్ ఏ ఖాతకు లింకున్నదో బ్యాంకుల గూడ అడుగు, మా చిన్నమ్మ పైసలు ఎన్నడో తీసి మరిచిన ఖాతల పడి ఉండె, మూడు నెలలు ఊకెనే తిరిగింది పాపం. ఇంకోటి, ఇంటి పనికి ఉపాధి హామీ కూలీ 90, 95 రోజులది వేరేగ వస్తది, మస్టర్‌ల (కూలీల హాజరు పట్టీల) అమ్మ పేరు ఎక్కించిండ్రా? చానమందికి ఇది చెప్పనే చెప్పరు.

కైకిలోళ్ల బిడ్డ:
నాది గూడ గడ్చిరోలి జిల్లనే. ఘర్కుల్‌కు ఇచ్చేది మైదానంల 1,20,000, మన అసొంటి జిల్లలకు 1,30,000, ఈ లెక్క 2016ల స్కీం మొదలైననాటిది, సిమెంటు, సలాక రేట్లు అప్పటియి కావు గద. 2025ల రాష్ట్రం ఇంకో 50,000 కలుపుతమన్నది, అండ్ల 15,000 సోలార్‌కే. ఘర్కుల్ వచ్చినోళ్లకు 5 బ్రాసుల (బ్రాసంటే 100 ఘనపుటడుగులు) ఇసుక ఉచితమని గూడ పాలసీల ఉంది, అది గూడ దరఖాస్తుల రాయి తమ్మీ, పక్కపొంటి గోదావరి పారుతుంటే మనోళ్లు ట్రాక్టర్ ఇసుక కొంటున్నరు.
నాకు కడుపుల మండేది ఒక్కటే, చేతిల పైసల్లేకనే గద ఇల్లు అడిగింది, ముందుగాల నువ్వు కట్టు తర్వాత ఇస్తం అంటే కైకిలోళ్లు యాడికెల్లి తెస్తరు? ఇల్లు కట్టే ఎండకాలం, మిర్చి ఏరే కాలం ఒక్కటే మనకు. ఇంటికాడ ఉంటే తిండి లేదు, పోతే ఫొటో లేదు. ఫొటోకు ఏ రోజు వస్తరో రెండు రోజుల ముందు ఫోన్ చేసి చెప్తే సాలు, బస్సెక్కి రారా?

ప్రాణహిత ఒడ్డు:
అన్నా, అక్కా, ఇప్పుడే సైట్ల చూసిన. రెండో హప్తా కాడ ఏం లేదు. మస్టర్‌ల గూడ అమ్మ పేరు లేదంట, ఊర్ల ఉపాధి పనులు చూసే రోజ్‌గార్ సేవక్‌ను అడిగిన. రేపు అమ్మను తోల్కపోయి రెండిటికి కలిపి దరఖాస్తు ఇస్తున్న, ముద్ర ఏపిచ్చుకొని వచ్చి ఈడ్నే చెప్త.